తన తిత్తిని తానే ఊదుకునే కొలిమి

బండి కొన్న రోజు సాయంత్రమే విజయవాడ ఆటోనగర్‌లో ఉండే మా బాబాయికి వీడియో కాల్ చేశాను. మాకు ఇండియానాలో చీకటి పడుతోంది, ఆయనకు అప్పుడే తెల్లవారింది. నలభై ఏళ్ళు లారీల డీజిల్ పంపులూ నాజిళ్ళూ బాగుచేసిన మనిషి. నేను ఉత్సాహంగా బానెట్ ఎత్తి ఇంజన్ చూపించబోతే ఆపేశాడు. “ఇంజన్ ఎక్కడికీ పోదులేరా. ముందు సైలెన్సర్ వెనక్కెళ్ళి నిలబడు. ఎవరినైనా లోపల కూచోబెట్టి ఎక్సలేటర్ తొక్కమను. పొగ చూపించు,” అన్నాడు. మా ఆవిడ తొక్కింది. తొక్కినప్పుడల్లా గొట్టంలోంచి నల్లటి పొగ గుప్పుమంది. బాబాయి ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. “నీకు ముందు వాడినవాళ్ళెవరో పంపు స్క్రూ తిప్పేశారు. డీజిలు ఎక్కువ పోతోంది, దానికి సరిపడా గాలి అందట్లేదు,” అన్నాడు.

ఈ వ్యాసమంతా ఆ మాటకు వివరణే.

బండి 1990 నాటి డాడ్జ్ డి250 పికప్. వెనక తొట్టి ఉన్న ఈ బండ్లు అమెరికా పల్లెల్లో ఎడ్లబండికీ ట్రాక్టరుకీ మధ్య పని చేస్తాయి. గడ్డిమోపులు మోస్తాయి, పశువుల ట్రైలరు లాగుతాయి, ఆదివారం చర్చికి తీసుకెళ్తాయి. డాడ్జ్ సంస్థ 1989లో ఈ పికప్‌కి కమ్మిన్స్ వాళ్ళ 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్ పెట్టింది. ఆ ఇంజన్ పుట్టింది పికప్‌ల కోసం కాదు. కేస్ అనే వ్యవసాయ యంత్రాల సంస్థతో కలిసి పొలం పనికీ, మట్టి తవ్వే యంత్రాలకీ కమ్మిన్స్ రూపొందించిన బి-సిరీస్ కుటుంబం అది. ఇండియానాలోని కొలంబస్ కమ్మిన్స్ సొంతూరు, సంస్థ 1919లో అక్కడే మొదలైంది. అదే కుటుంబపు ఇంజన్లను టాటా కమ్మిన్స్ జంషెడ్‌పూర్‌లో తయారుచేసి టాటా లారీలకు ఇచ్చింది. మా బాబాయికి నా బండి ఇంజన్ చూడకుండానే తెలిసిపోవడానికి కారణం అదే. ఆయన చేతుల్లోంచి దాని అన్నదమ్ములు ఎన్నో వెళ్ళాయి.

1990లో ఈ ఇంజన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దాని శక్తి 160 హార్స్‌పవర్. ఇప్పటి చిన్న కార్లలోనూ అంత ఉంటుంది. తేడా టార్కులో ఉంది. నిమిషానికి 1700 చుట్ల దగ్గరే 540 న్యూటన్ మీటర్ల దాకా తిప్పుడు బలం ఇస్తుంది. కంప్యూటర్ లేదు, సెన్సర్ల వల లేదు. డీజిలు ఎంత పోవాలో స్ప్రింగులు, పిన్నులు, రబ్బరు పొర కలిసి తేలుస్తాయి. ఇంటి షెడ్డులో పానా పట్టుకున్న మనిషికి ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం దొరకదని నా నమ్మకం. ప్రతి కారణమూ చేతికి తగులుతుంది.

గాలి లెక్కతో మొదలుపెడదాం. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన కడుపు నిండా గాలి పీలుస్తుంది. 5.9 లీటర్ల ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరిగితే 5900 లీటర్ల గాలి, అంటే దాదాపు 7 కిలోలు. కిలో డీజిలు పూర్తిగా కాలడానికి కాగితం మీద 14.5 కిలోల గాలి చాలు. సిలిండర్ లోపల సంగతి వేరు. నాజిల్ చిమ్మిన డీజిలు తుంపరలకు గాలితో కలవడానికి సెకనులో వెయ్యోవంతులు కొన్నే దొరుకుతాయి. గాలి ఒక మూల, డీజిలు ఒక మూల మిగిలిపోతాయి. అందుకే కిలో డీజిలుకి 18, 20 కిలోల గాలి ఇవ్వకపోతే పొగ మొదలవుతుంది. ఆ నల్లటిది కాలని కార్బన్. మనం బంకులో డబ్బు పోసి కొన్నదే గాల్లోకి పోతోంది. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు. తెల్లపొగ వస్తే డీజిలు అంటుకోకుండా ఆవిరైపోతున్నట్టు, లేదా రేడియేటరు నీళ్ళు లోపలికి దిగుతున్నట్టు. బాబాయి ముందు పొగ చూపించమన్నది ఇందుకే.

కాబట్టి శక్తి పెంచాలంటే డీజిలు పెంచాలి, డీజిలు పెంచాలంటే గాలి పెంచాలి. సిలిండర్ పెద్దది చేయలేం. అదే సిలిండర్లోకి గాలిని కుక్కాలి.

మా అమ్మమ్మగారి ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గర తిత్తి లాగే పని కుర్రాళ్ళది. లాగినకొద్దీ బొగ్గులు ఎర్రబడి, తర్వాత పసుపెక్కి, కర్రు కాలుతుంది. చేయి ఆగితే మంట చల్లబడుతుంది. తిత్తి లాగేవాడు అక్కర్లేకుండా, కొలిమిలోంచి పైకి పోయే వేడిగాలే తిత్తిని ఊదితే? స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లో పేటెంటు తీసుకున్న ఆలోచన దాదాపు ఇదే. ఇంజన్‌లో కాలిన ఇంధనపు శక్తిలో ఇంచుమించు మూడోవంతు పొగగొట్టంలోంచి వేడిగా బయటికి పోతుంది. ఆ పొగ దారిలో ఒక టర్బైను చక్రం పెట్టి, దాని ఇరుసుకి రెండో కొసన గాలి తోసే చక్రం బిగిస్తే పారేసే వేడితోనే తిత్తి ఆడుతుంది. టర్బోచార్జర్ అంటే ఇంతే. దాన్ని నమ్మకంగా తిరిగేట్టు చేయడానికి బూషికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఈ లోపల అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు విమానాల కోసం అదే పట్టుకున్నాడు. 1918లో ఒక లిబర్టీ విమాన ఇంజన్‌ని కొలరాడోలోని పైక్స్ పీక్ కొండ మీదికి, 14,000 అడుగుల ఎత్తుకి చేర్చాడు. నేల మీద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ ఆ పలచటి గాలిలో 230 దగ్గర ఆగింది. టర్బో తగిలిస్తే 356 ఇచ్చింది. కొండ మీద పోయిన గాలిని టర్బో వెనక్కి తెచ్చింది.

నా బండి టర్బో హోల్సెట్ హెచ్1సి. హోల్సెట్ ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్ సంస్థ, 1973లో కమ్మిన్స్ కొనేసింది. విప్పి అరచేతిలో పెట్టుకుంటే గాలి చక్రం పూరీ అంత ఉంటుంది. నిమిషానికి లక్ష చుట్ల పైనే తిరుగుతుంది. ఒక పక్క 600 డిగ్రీల పొగ, ఇంకో పక్క బయటి గాలి, మధ్యలో జానెడు కూడా లేని ఇరుసు. ఆ వేగానికి బాల్ బేరింగులు అక్కర్లేకుండానే పని జరుగుతుంది. వదులుగా ఉండే కంచు బుష్షుల లోపలా బయటా ఆయిల్ పొర నిలిచి, ఇరుసు లోహానికి తగలకుండా ఆయిల్ మీద తేలుతూ తిరుగుతుంది. ఈ సంగతి తర్వాత మళ్ళీ అక్కరకొస్తుంది.

గాలిని కుక్కితే అది వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు కింద గొట్టం చురుక్కుమనడం మనందరికీ తెలుసు. 27 డిగ్రీల గాలిని టర్బో రెట్టింపు ఒత్తిడికి నొక్కిందనుకుందాం. మన టైర్ల షాపు భాషలో చెబితే 15 పౌండ్ల గాలి ఎక్కించినట్టు. చక్రం నష్టాలు కలుపుకుంటే ఆ గాలి 120 డిగ్రీలకు చేరుతుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి ఒత్తిడి రెట్టింపైనా సిలిండర్లోకి వెళ్ళే గాలి బరువు ఒకటిన్నర రెట్లే. మిగతా అర రెట్టూ వేడి తినేసింది. ఇంకా ఎక్కువ కుక్కి 30 పౌండ్లు చేస్తే గాలి 185 డిగ్రీలు దాటుతుంది. ఒత్తిడి మూడు రెట్లు, లోపలికి వెళ్ళే గాలి రెండు రెట్లకు కాస్త తక్కువ. ఇప్పుడు టర్బోకీ ఇంజన్‌కీ మధ్య రేడియేటరు లాంటిది పెట్టి ఆ గాలిని 60 డిగ్రీలకు చల్లబరిస్తే అదే 30 పౌండ్ల దగ్గర 2.7 రెట్ల గాలి దక్కుతుంది. ఆ రేడియేటరు పేరు ఇంటర్‌కూలర్.

1990 బండికి ఇంటర్‌కూలర్ లేదు. డాడ్జ్ వాళ్ళు 1991 నడుమ నుంచి పెట్టారు. అందుకని నేను మొదట చేసిన పని పాత ఇనప సామాను యార్డులో 1993 నాటి పికప్ వెతికి దాని ఇంటర్‌కూలర్, గొట్టాలు, ముందు రేకులు విప్పుకు రావడం. శక్తి పెంచుతానని స్క్రూ తిప్పడంతో మొదలుపెట్టేవాళ్ళను చాలామందిని చూశాను. నా లెక్కలో అది తలకిందుల వరస. ముందు గాలి, తర్వాత చల్లదనం, ఆఖర్న డీజిలు.

డీజిలు సంగతి పంపు దగ్గర ఉంటుంది. 1989 నుంచి 1993 దాకా వచ్చిన బండ్లకు బాష్ వీఈ అనే రోటరీ పంపు. ఒకటే ప్లంజరు ఆరు సిలిండర్లకీ వంతులవారీగా డీజిలు తోస్తుంది. దాని నెత్తిన రబ్బరు పొర ఉన్న డబ్బా ఉంటుంది, టర్బో నుంచి సన్న గొట్టం ఆ డబ్బాలోకి వస్తుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ పొర కిందికి దిగి, దానికున్న కోసుగా చెక్కిన పిన్నుని తోస్తుంది. పిన్ను వాలు ఎంత ఉంటే డీజిలు అంత పెరుగుతుంది. అంటే “గాలి వచ్చిందని తెలిశాకే డీజిలు వదులు” అనే షరతుని ఒక ఇనుప పిన్ను వాలులో రాసి పెట్టారు. ఇప్పుడు కంప్యూటరులో ఉండే పట్టిక ముప్ఫై ఏళ్ళ కిందట లేత్ మీద చెక్కి ఉండేది. దీన్ని మొదటిసారి విప్పి చూసినప్పుడు నాకు ఆ పిన్ను చెక్కినవాళ్ళ మీద కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. నా బండిలో ముందటి యజమాని ఆ పిన్నుని వాలు ఎక్కువున్న వైపు తిప్పి, పక్కనున్న ఫుల్ ఫ్యూయల్ స్క్రూ కూడా లోపలికి బిగించాడు. గాలి అంతే ఉంది. గుప్పుమన్న నల్లపొగ అక్కడిదే. నేను రెండింటినీ వెనక్కి తిప్పి, ఇంటర్‌కూలర్ పెట్టాక మళ్ళీ కొద్దికొద్దిగా ముందుకొచ్చాను. స్క్రూ ఒకసారికి ఎనిమిదోవంతు చుట్టు మించి తిప్పలేదు.

ఎంతవరకు రావచ్చో చెప్పేది పైరోమీటరు. టర్బో ముందర, పొగ మానిఫోల్డ్‌కి చిన్న రంధ్రం వేసి థర్మోకపుల్ దించుతారు. రెండు వేరు వేరు లోహాల తీగలు కలిసిన చోట వేడి తగిలితే మిల్లీవోల్టులు పుడతాయి, డాష్‌బోర్డు మీద ముల్లు కదులుతుంది. డీజిల్ ఇంజన్‌లో డీజిలు పెరిగినకొద్దీ పొగ వేడి పెరుగుతుంది. పెట్రోలు ఇంజన్‌లో జరిగేది దీనికి ఎదురు, అక్కడ ఇంధనం ఎక్కువైతే చల్లబడుతుంది. ఆ అనుభవంతో వచ్చినవాళ్ళు ఇక్కడ పొరబడతారు. పిస్టన్ అల్యూమినియంతో చేసింది. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పొగ అంతకన్నా వేడిగా ఉన్నా పిస్టన్ కరగకపోవడానికి కారణం, మంట దాన్ని తాకేది కాసేపే, మధ్యలో చల్లగాలి వస్తుంది, అడుగు నుంచి ఆయిల్ చిమ్ముతూ ఉంటుంది. అయినా ఆ ఉపశమనానికి హద్దుంది. ఈ ఇంజన్లు నడిపేవాళ్ళు టర్బో ముందు 700 డిగ్రీలను గీతగా పెట్టుకుంటారు. ఎత్తెక్కేటప్పుడు క్షణకాలం తాకితే ఫరవాలేదు, నిమిషాల తరబడి అక్కడే ఉండనివ్వరు.

కొలంబస్ నుంచి బ్లూమింగ్టన్ వెళ్ళే 46వ నంబరు రోడ్డు బ్రౌన్ కౌంటీ గుట్టల మీదుగా పోతుంది. కట్టెల ట్రైలరు తగిలించి ఆ ఎత్తులు ఎక్కడమే నా పరీక్ష. ఇంటర్‌కూలర్ లేనప్పుడు ముల్లు 700 దాటబోతే కాలు తీసేవాణ్ణి. పెట్టాక అదే ట్రైలరు, అదే గేరు, ముల్లు 600 దాటి కొంచెం ముందుకెళ్ళి ఆగింది. చల్లబడిన గాలి రెండు పనులు చేసింది. లోపలికి వెళ్ళే గాలి వేడి తగ్గింది కాబట్టి బయటికొచ్చే వేడీ తగ్గింది. గాలి బరువు పెరిగింది కాబట్టి అదే డీజిలు మంటని ఎక్కువ గాలి పంచుకుంది. ఆ రోజు సైలెన్సర్ వెనక లేతబూడిద రంగు పొగ తప్ప ఇంకేం లేదు.

టర్బో మార్చే సంగతి క్లుప్తంగా చెబుతాను. తర్వాతి తరం డాడ్జ్‌లలో వచ్చిన హోల్సెట్ హెచ్ఎక్స్35 నా ఇంజన్‌కి సరిపోతుంది, చాలామంది అదే పెడతారు. అసలు ఎంపిక టర్బైను గూడు సైజులో ఉంటుంది. గూడు చిన్నదైతే పొగ ఇరుకులోంచి వేగంగా దూకి చక్రాన్ని తొందరగా తిప్పుతుంది, కింది గేర్లలోనే గాలి దొరుకుతుంది. పై వేగాల్లో అదే ఇరుకు గొంతు నొక్కుతుంది. పొగ బయటికి పోలేక పిస్టన్‌ని వెనక్కి తోస్తుంది, వేడి పెరుగుతుంది. పెద్ద గూడుకి ఇదంతా తారుమారు. లోడు లాగేవాడికి చిన్న గూడు, పోటీలకు వెళ్ళేవాడికి పెద్ద గూడు. నాది కట్టెల ట్రైలరు కాబట్టి పాత టర్బోతోనే ఉండిపోయాను. శక్తి పెరిగితే ఇంజన్ తట్టుకున్నా వెనకున్నవి తట్టుకోవాలి. ఎక్కడ పలచనో అక్కడ తెగుతుంది, సాధారణంగా ముందు తెగేది క్లచ్. నాదీ అదే. కాలిన క్లచ్ ప్లేటు వాసన వారం దాకా షెడ్డు వదల్లేదు.

ఇక బాగోగులు. నా వారాంతాల్లో ఎక్కువ భాగం పోయేదీ, నేను ఎక్కువ ఇష్టపడేదీ ఇదే. 1952లో ఇండియానాపోలిస్ 500 పందెంలో కమ్మిన్స్ వాళ్ళు ఒక డీజిల్ కారు దించారు. ఇంజన్‌ని పక్కకి పడుకోబెట్టి, టర్బో తగిలించారు. ఫ్రెడ్ అగబాషియన్ అర్హత పరుగులో దాన్ని గంటకు 138 మైళ్ళ సగటుతో నడిపి అందరికన్నా ముందు వరసలో మొదటి స్థానం సంపాదించాడు. పందెంలో 200 చుట్లకు 71 తిరిగి ఆగిపోయింది. ట్రాక్ మీద టైర్ల నుంచి లేచిన రబ్బరు తుక్కు టర్బో గాలి ద్వారాన్ని పూడ్చేసింది. నేను ఎయిర్ ఫిల్టర్ విప్పిన ప్రతిసారీ ఆ కారు గుర్తొస్తుంది. లక్ష చుట్లు తిరిగే చక్రానికి ఇసుకరేణువు తగిలితే రెక్క అంచు అరిగిపోతుంది. ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి, డీజిలు అలాగే ఉండి, పైరోమీటరు ముల్లు పైకి ఎక్కుతుంది. పది నిమిషాల్లో ఫిల్టర్ మారిస్తే పోయే జబ్బుకి టర్బోనే మార్చుకున్నవాళ్ళున్నారు.

టర్బో ఇరుసు ఆయిల్ మీద తేలుతుందన్నాను కదా. దాని ఆయుష్షు ఆయిల్ చేతిలో ఉంది. ఈ ఇంజన్‌కి సుమారు 10 లీటర్ల 15డబ్ల్యూ-40 పడుతుంది. ఎత్తెక్కి వచ్చి వెంటనే తాళం తీస్తే ఆయిల్ పంపు ఆగిపోతుంది. ఎర్రగా కాగిన టర్బైను వేడి ఇరుసులోకి పాకి, బుష్షుల్లో నిలిచిన ఆయిల్‌ని మాడ్చి బొగ్గు చేస్తుంది. అందుకే ముల్లు 200 కిందికి దిగేదాకా ఐడిలింగ్‌లో ఉంచి ఆపుతాను. మన ఘాట్‌రోడ్ల లారీ డ్రైవర్లు కొండెక్కాక దాబా దగ్గర ఇంజన్ కాసేపు తిరగనిచ్చి ఆపడం చిన్నప్పుడు చూశాను, కారణం ఇప్పుడు తెలిసింది. ఏడాదికోసారి గాలి గొట్టం విప్పి చక్రాన్ని వేళ్ళతో కదిపి చూస్తాను. పక్కలకు కాస్త ఆడితే సహజం, ఆయిల్ నిండితే అది సర్దుకుంటుంది. ముందుకీ వెనక్కీ ఆడిందంటే రోజులు దగ్గరపడ్డట్టే.

గాలి లీకులు పట్టే పద్ధతి మన సైకిల్ షాపుదే. టర్బో మూతికి బిరడా బిగించి 15 పౌండ్ల గాలి ఎక్కించి, గొట్టాల అతుకుల మీద సబ్బునీళ్ళు చల్లుతాను. బుడగలు వచ్చిన చోట క్లిప్పు బిగించాలి. వాల్వుల సందు చల్లగా ఉన్నప్పుడు లోపలి వాల్వుకి 0.25 మిల్లీమీటర్లు, పొగ వాల్వుకి 0.51. వీఈ పంపుకి డీజిలే కందెన కాబట్టి ఫిల్టర్ అడుగున చేరే నీళ్ళని వదలకుండా తీసేస్తుండాలి. 2006 నుంచి అమెరికాలో రోడ్డు డీజిల్‌లో గంధకం పదిలక్షల్లో 15 వంతులకు తగ్గించారు. గాలికి మంచిది, కానీ గంధకం తీసే ప్రక్రియలో డీజిలు జిడ్డు కూడా తగ్గుతుంది, నా పాత పంపు కోసం ట్యాంకులో జిడ్డు పెంచే మందు కలుపుతాను.

ఈ ఇంజన్‌కి ఒక పుట్టుమచ్చ ఉంది. ముందు భాగంలో టైమింగ్ గేర్ల పెట్టెని సరైన చోట నిలబెట్టడానికి కొట్టిన చిన్న ఉక్కు పిన్ను. అదిమి పెట్టే బిగువు తప్ప దానికి ఇంకే ఆధారమూ లేదు. ఏళ్ళ తరబడి అదురుతూ అదురుతూ కొన్ని ఇంజన్లలో అది బయటికి జరిగి, గేర్ల మధ్య పడి, పెట్టెని పగలగొడుతుంది. ఈ బండ్లవాళ్ళు దాన్ని కిల్లర్ డోవెల్ పిన్ అంటారు. మందు తేలిక. కవరు విప్పి, పిన్నుని లోపలికి కొట్టి, పక్క బోల్టు కింద చిన్న రేకు బిగించి అది బయటికి రాకుండా అడ్డం పెట్టడం. నా బండిలో పిన్ను అప్పటికే మూడు మిల్లీమీటర్లు బయటికి వచ్చి ఉంది.

కావాలని నల్లపొగ కక్కించుకుంటూ తిరిగేవాళ్ళు ఈ అభిరుచిలో ఉన్నారు. నాకు వాళ్ళ మీద కోపం ఉంది. వెనకాల వచ్చే బడి పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేది ఆ కార్బనే. అమెరికాలో కాలుష్య నియంత్రణ పరికరాలు పీకేయడం చట్టవిరుద్ధం. మన దేశంలోనూ తయారీదారు ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అనుమతించదు. సరిగ్గా సర్దిన టర్బో పొగని తగ్గిస్తుంది, ఆ సర్దడమే ఈ పనిలో విద్య.

పోయిన నెల బాబాయితో మాట్లాడుతుండగా ఇంజన్ నడుస్తోంది. “ఆగు. కొట్టుకుంటోంది చూడు, ఒక సిలిండరు తేడాగా ఉంది,” అన్నాడు. నాకు వినపడలేదు. పైరోమీటరు కూడా మామూలుగానే ఉంది. ఐడిలింగ్‌లో ఒక్కో నాజిల్ గొట్టం నట్టు కాస్త వదులు చేసి చూడమన్నాడు. కళ్ళద్దాలు, తొడుగులు వేసుకుని, గుడ్డ అడ్డం పెట్టి చేయాల్సిన పని. నాజిల్‌లో డీజిలు ఒత్తిడి 200 బార్లు దాటుతుంది, సన్నని ధార తగిలితే చర్మం చీల్చుకుపోతుంది. నట్టు వదిలిన సిలిండరు ఆగి ఇంజన్ తడబడాలి. ఐదింటికి తడబడింది. రెండో సిలిండరుది వదిలినప్పుడు శబ్దం మారలేదు.

విప్పి చూస్తే నాజిల్ కొస నల్లగా మాడి, తుంపరకు బదులు చుక్కలు కారుస్తోంది. కారే డీజిలు ఆలస్యంగా అంటుకుని ఆ ఒక్క పిస్టన్ నెత్తినే మండుతుంది. మరి ముల్లు ఎందుకు చెప్పలేదు? ఈ ఇంజన్ పొగ మానిఫోల్డ్ మధ్యలో గోడ ఉంటుంది, ముందు మూడు సిలిండర్ల పొగ ఒక దారి, వెనక మూడింటిది ఇంకో దారి. నా థర్మోకపుల్ వెనక దారిలో ఉంది. రెండో సిలిండరు దానికి కనపడదు. “ఆరూ విప్పి పంపు షాపుకి ఇవ్వరా, అన్నీ ఒకే ప్రెషర్‌కి కట్టించు. ఒక్కటే మారిస్తే ఒకటి ముందు, ఒకటి వెనక కొడతాయి,” అన్నాడు బాబాయి. నాజిళ్ళు షాపులో ఉన్నాయి. ఈ లోపు టర్బో విప్పి పక్కన పెట్టాను, ఇనప రజను చక్రం మీద పడకుండా. ముందు దారికి రెండో థర్మోకపుల్ కోసం రంధ్రం వేస్తున్నాను.